ఇలారియా పీపాలో పొగనీళ్ళు

మా తమ్ముడు లోరిస్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఒకసారి వాణ్ణి తిట్టడం మొదలుపెట్టానంటే ఇక నాకు గుర్తుండదు. టైల్స్ ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర చేరినవాడు అక్కడే జుట్టు నెరిసి, ఎవరి జోలికీ పోకుండా బతికాడు. ఇటలీలో మా మోదెనా ఊరి చుట్టుపక్కల అలాంటి మగాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. వాణ్ణి ఎవరూ ఎప్పుడూ "భలే చేశావురా" అనలేదు. బళ్ళో అనలేదు, ఫ్యాక్టరీలో అనలేదు, మా అమ్మ అయితే అసలే అనలేదు.

మా అమ్మ పేరు ఇయోనే. ఆవిడ నోట మంచిమాట రావడం అంత తేలిక కాదు. ఊళ్ళో ఎవరింట ద్రాక్షరసం పీపాల్లో ఏళ్ళతరబడి మాగి వెనిగర్ అయినా మా అమ్మ నాలుక మీద పడాల్సిందే, ఆవిడ తలాడిస్తేనే అది వెనిగర్. ఓసారి చర్చి ఫాదర్ తన సొంత పీపాలోది ముచ్చటపడి తెచ్చిస్తే, ఆయన కళ్ళ ముందే సింకులో ఉమ్మేసి, "ఫాదర్, దీంతో గిన్నెలు తోముకోండి" అంది. పాపం ఆయన చాన్నాళ్ళు మా వీధి మొహం చూడలేదు.

ఆడపిల్ల పుడితే అటక మీద పీపాల వరస ఒకటి మొదలుపెట్టడం మాకు అలవాటు. లోరిస్ కూతురు ఇలారియా పుట్టినప్పుడు అమ్మే దగ్గరుండి పెట్టించింది. పెద్దది ఓక్ చెక్క పీపా, తర్వాత చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, చిట్టచివర చంటిపిల్లంత జునిపర్ పీపా. ఆ చిన్నదాని మీద పిల్ల పేరు కాల్చి రాయించింది. ఏటా చలికాలంలో చిన్నదాంట్లో ఇగిరిన వెలితిని పక్క పీపాతో, దాని వెలితిని ఆ వెనకదాంతో పూడ్చుకుంటూ పోవాలి. కాచిన కొత్త ద్రాక్షరసం పోసేది పెద్దదాంట్లోనే. పాతదాన్ని వెనక్కి ఒంపడమనేది మా ఊళ్ళో మతిలేనివాడు కూడా చేయడు. ఇలారియా పీపాలోంచి మాత్రం అమ్మ ఒక్క చుక్క ముట్టనివ్వలేదు. పిల్లకి పెళ్ళి కుదిరాక మగపెళ్ళివారి ముందు మొదటి చుక్క తియ్యాలని ఆవిడ కోరిక.

ఇక మావాడి సంగతి. డాక్టర్ భయపెడితే సిగరెట్లు మానేసి ఈ-సిగరెట్ పట్టుకున్నాడు. అందులో పోసే, కొట్లో అమ్మే ద్రవం నచ్చక, ఇంట్లోనే పొగాకు నానబెట్టి, వడకట్టి, గ్లిజరిన్‌లో కలిపి, బుల్లి చెక్క పీపాల్లో మాగబెట్టడం నేర్చాడు. నేను వాటిని పొగనీళ్ళు అనేదాన్ని. మొదట కొన్న పీపాలు కొత్త చెక్కవి. రుచెలా ఉందిరా అంటే, "కొత్త బీరువా నాకినట్టుందక్కా" అన్నాడు. ఆ ఈ-సిగరెట్ల కొట్టు దగ్గర చేరే వాడి జతగాళ్ళేమో, పాత చెక్క కావాలి, ఏళ్ళతరబడి రసం తాగిన చెక్క కావాలి అని ఎక్కించారు.

అమ్మకి మోకాళ్ళు పోయి మెట్లెక్కడం మానేసింది. అటక పని మొత్తం లోరిస్ చేతికొచ్చింది. పోయిన చలికాలం వాడు పైకెక్కి, ఇలారియా పీపాలో ఉన్నదంతా వెనక్కి మల్బరీలోకి ఒంపేసి, ఖాళీ అయినదాంట్లో పొగనీళ్ళు పోశాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, కొట్టు దగ్గర వాణ్ణి "మాస్టారూ" అంటున్నారని, ఇలాంటిది ఎక్కడా పీల్చలేదంటున్నారని. ఆ మాట నాకు చెబుతూ సిగ్గుపడిపోయాడు వెధవ. నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు.

ఇంతలో ఇలారియా వచ్చి పెళ్ళి చేసుకుంటున్నానంది. అమ్మ మొహం వెలిగిపోయింది, లోరిస్ మొహం పాలిపోయింది. కూతురు వెళ్ళిపోతుందని బెంగేమో అనుకున్నాను. వాడేమో ఆ సాయంత్రమే పీపా దింపి, మరిగే నీళ్ళతో కడిగి కడిగి, ఆరబెట్టి, మల్బరీలోంచి మళ్ళీ నింపాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు.

పెళ్ళివారు భోజనానికొచ్చారు. చారులో తేలే తోర్తెల్లీని, అదే మాంసం కూరిన చిన్న పిండిబిళ్ళలు, వడ్డించాను. పెళ్ళికొడుకు తల్లి ఒరియెల్లా వాళ్ళింట్లోనూ పీపాలున్నాయి, ఆవిడకీ ఆ గర్వం ఉంది. అమ్మ లోరిస్‌ని అటక మీదికి పంపింది. వాడు ఎంతసేపటికో చిన్న సీసాతో దిగాడు. నల్లగా, చిక్కగా, నిగనిగలాడుతోంది. అమ్మ చెంచాలో పోసుకుని ముందు వాసన చూసింది. పక్కనే కూర్చున్న నాకూ తగిలింది ఆ వాసన. పొగాకు.

మా నాన్న బతికున్నంతకాలం వానైనా మంచైనా పెరట్లోనే కాల్చాడు. జేబులో సిగరెట్ పెట్టె ఉంటే అమ్మ ఆయన్ని అటక మెట్టు తొక్కనిచ్చేది కాదు. నేను లోరిస్ వంక చూశాను. వాడు గిన్నెలోంచి తల ఎత్తితే ఒట్టు.

అమ్మ ఉమ్మేస్తుందనుకున్నాను, ఇల్లెగిరిపోతుందనుకున్నాను. అమ్మ ఆ చుక్క మింగింది. సీసాకి బిరడా పెట్టి తన వైపు లాక్కుంది.

"పాడైపోయిందమ్మా ఒరియెల్లా. నేనే పాడు చేసుకున్నాను. ముసలిదాన్నయ్యాను, ముక్కు చచ్చిపోయింది. ఎవరూ ముట్టకండి. మన్నించు."

"అయ్యో, దానికేముంది పిన్నిగారూ," అంది ఒరియెల్లా, నిజంగానే మంచిగా. "వయసు మీద పడితే ఎవరికైనా అంతే. మా అత్తగారు కూడా చివర్లో ఇలాగే చేసేవారు. పీపా నోటి మీద గుడ్డ మారుస్తుండాలి. మీకు చెప్పినవాళ్ళు లేరేమో."

సగం ఊరికి పీపాలు పెట్టించింది మా అమ్మ. తల వంచుకుని, "అలాగామ్మా, మారుస్తాను" అంది. ఇలారియా కళ్ళనీళ్ళతో, "పోనీలే నానమ్మా, నాకేం బాధ లేదు" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను బల్ల కింద లోరిస్ కాలు తన్నాను. వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ తన్నాను.

"నేనోసారి వచ్చి అన్నీ చూపిస్తాలెండి," అంది ఒరియెల్లా.

"రా తల్లీ, నేర్పుదువుగాని," అంది అమ్మ.

అప్పుడు లేచాడు వాడు. కుర్చీ వెనక్కి పడింది.

"అమ్మ ముక్కు బాగానే ఉంది," అన్నాడు. "ఆ పీపాలో ఈ-సిగరెట్ నీళ్ళు పోసి మాగబెట్టాను నేను. ఉన్న వెనిగర్ వెనక్కి ఒంపేశాను."

"కూర్చోరా. నిన్నెవరడిగారు?" అంది అమ్మ.

"కూర్చోనమ్మా."

ఒరియెల్లా చెవుల దాకా ఎర్రబడిపోయింది, తను చెప్పిన పాఠం గుర్తొచ్చి కాబోలు. ఇలారియా వాడి వైపు తిరిగింది.

"నా పీపాలోనా నాన్నా?"

"అవునమ్మా."

"నా పేరున్నదాంట్లోనా?"

వాడు తలూపాడు. అరిచినా బాగుండేది ఆ పిల్ల. కుర్చీ కాస్త నానమ్మ దగ్గరికి జరుపుకుంది. వాడు అది చూశాడు. వాడు చూడటం నేను చూశాను. అప్పటిదాకా తిట్టడానికి సిద్ధంగా పెట్టుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

పెళ్ళి బాగానే జరిగింది. చర్చిలో ఇలారియా తండ్రిని కావలించుకుంది కూడా. జునిపర్ పీపా ఇక దేనికీ పనికిరాదు. అమ్మ కొత్తది తెప్పించి మల్బరీ పక్కన పెట్టించింది. దాని మీద ఏ పేరూ రాయించలేదు. అటక పని ఇకనుంచి నాకియ్యమని అడిగాను. "వాడే చేస్తాడు," అంది.

వాడే చేస్తున్నాడు. ఎక్కేముందు జేబులోని ఈ-సిగరెట్ తీసి కింది మెట్టు మీద పెడతాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటాడు. అమ్మ వంటింట్లో కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉంటుంది. చేతులు కడిగావా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండునక్కా అని మొన్న నాతో అన్నాడు.