పట్టు చిలుక రంగు కోసం రాయపూర్‌కి

మా మేనత్త రాజ్యం రాయపూర్‌లో నర్సుగా చేసి రిటైరైంది. మొక్కల్నీ పురుగుల్నీ శాస్త్రవేత్తలు జాతి గుర్తుపట్టేంత కచ్చితంగా గీస్తుంది. ఒక పుస్తకానికి ఆమె పంపిన దసలి పట్టు చిలుక బొమ్మ తిరిగొచ్చింది; అడవి పట్టుపురుగు గూడు కట్టి, రెక్కలొచ్చి బయటికొస్తే అయ్యే సీతాకోకచిలుక లాంటిదది. గీతలు సరే, ఆడచిలుక మరీ తెల్లగా ఉందన్నారు. అప్పుడు బయటపడింది, అత్త కళ్లలో శుక్లాలని. ఆమెకు తెల్ల కాగితమూ పసుపే, లేత పసుపు రెక్కా పసుపే! పుస్తకం అచ్చుకు వెళ్లేది ఆ నెలలోనే, ఆపరేషన్ ఆ తర్వాత. "గూడులోంచి చిలుక వచ్చేస్తాదే, జల్దీ రా" అని ఫోన్ చేసింది. నేను చీరల అద్దకంలో రంగులు కలిపేదాన్ని. విశాఖలో రాత్రి రైలెక్కేశాను.

పొద్దున్నే రాయపూర్‌లో దిగాను. అత్త ఉండే గుఢియారీ పేట స్టేషనుకు అవతలి పక్కే, ఆటోకు యాభై రూపాయలు చాలు. వీధి పేరు చెప్పగానే డ్రైవరు నవ్వాడు. "కోసా వాలీ దీదీ కే ఘర్?" దసలి పట్టు అక్క ఇంటికేనా అని; ఇక్కడ ఆ పట్టును కోసా అంటారు. సన్నటి వానలో ఊరంతా ఇంకా నిద్రలోనే ఉంది.

అత్త ఇంటి వెనక గదిలో, తెల్లమద్ది కొమ్మకున్న గూడు మీద అరచెయ్యంత చిలుక. ఒక్కో రెక్కలో ఒక్కో గుండ్రటి అద్దం, అందులోంచి వెనకున్న ఆకు కనబడుతోంది. అబ్బ, ఊపిరి గట్టిగా తీయాలన్నా భయమేసింది.

"దీనికి తినడానికి నోరే లేదే. నాలుగు రోజుల బతుకు" అంది అత్త.

గీతలు ముందే గీసి ఉంచింది. నేను రంగు కలిపాను, కుంచె మాత్రం ఇవ్వనంది. కాసేపటికి తనే ఆగిపోయింది. "ఎక్కడిదాకా ఏశానో కనబడ్డం లేదే" అంది. ఎవరినీ తాకనివ్వని కుంచె నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

రెక్క అద్దం దగ్గరకొచ్చి ఆకుపచ్చలో కుంచె ముంచాను.

"అదేటే?"

"అద్దంలో ఆకు కనబడుతోంది కదత్తా."

"ఆకు చిలకది కాదే పిచ్చిదానా! అక్కడ కాగితం అలాగే ఒదిలెయ్."

మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. కింద ఇద్దరి పేర్లూ రాసింది.

ఇన్నేళ్లూ కంటికి నచ్చిన రంగే కలిపాను. ఎదురుగా ఉన్న ప్రాణి ఎలా ఉంటే అలాగే కలపడంలో ఇంత హాయి ఉందని తెలియలేదు. ఇలాంటి చిలుకల్ని చూడాలంటే తొలకరి వానల్లో వెళ్లండి. గీసేవాళ్లయితే రంగు పగటి కిటికీ వెలుగులోనే కలపండి, ట్యూబులైటు కింద పసుపు మోసం చేస్తుంది.

ఆపరేషనయ్యాక అత్త అచ్చయిన పుస్తకం ముందు పెట్టుకుని ఫోన్ చేసింది. చిలుక ఎప్పుడో చచ్చిపోయింది. దాని అసలు రంగు, బొమ్మలోనైనా, ఆమె చూడడం అదే మొదటిసారి.

"ఇంత లేత పసుపేటే దానిది!" అంటూ ఏడ్చేసింది.