జావ తాగినవా, బిడ్డా?

మా వార్డు పెద్ద సిస్టర్ మంగళవారం పొద్దున పోయారు. డ్యూటీకి తయారవుతూ మంచం మీద కూర్చున్నారట, మళ్లీ లేవలేదట. కబురు వచ్చేసరికి, ఆమె కింద నర్సుగా చేసే నేను డిశ్చార్జ్ కాగితాలు రాస్తున్నాను. రాయడం ఆపలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు నాకు.

కరీంనగర్‌లో మాది చిన్న ఆసుపత్రి. మందులతో గుండెమంట, పులితేన్పులు తగ్గనివాళ్లకు పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేస్తారు. ఒకప్పుడు ఐదు రోజులు ఉంచుకునేవాళ్లం. మర్నాడే పంపవచ్చని డాక్టరు గారు అంటే ఇంటివాళ్లే ఒప్పుకోలేదు. చుట్టాలు జీపు కట్టించుకుని చూడవస్తారు కదా, అప్పటికి మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండాలి.

"ఒక్క దినంల పంపుతే గదేం ఆపరేషన్ సిస్టరమ్మా?" అనేవాళ్లు.

"మంచం మీదుంటే మానదు బిడ్డా, నడువు," అని సిస్టర్ రోగి చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించేవారు.

అట్లా ఇంటివాళ్లను ఒప్పించి మర్నాడే పంపిన ఖానాపూర్ రైతు ఒకాయనకు చుట్టాలు బ్రెడ్ తెచ్చి తినిపించారు. ఒంట్లో బాగాలేనివాళ్లకు బ్రెడ్ మంచిదని మనవాళ్ల నమ్మకం. ఆపరేషన్ చేసినచోట, అన్నవాహిక కింది కొసన, వాపు తగ్గేదాకా జావే తాగాలి. ముక్క దిగక, కక్కుకుంటూ సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఇక మళ్లీ ఐదు రోజుల పద్ధతే అన్నారు పైవాళ్లు.

"తప్పు నాదే. ఆయనకు చెప్పిన గని ఇంటోళ్లకు చెప్పలే. జర ఒక్క నెల చూడుండ్రి," అని సిస్టర్ బతిమాలుకున్నారు.

అప్పటినుంచి ఇంటికి పోయిన ప్రతి మనిషికీ రోజూ పొద్దున తన ఫోన్ నుంచే మాట్లాడేవారు. "జావ తాగినవా బిడ్డా? పలుచగనేనా? బ్రెడ్ తెచ్చినోళ్లున్నరా? ఫోన్ వాళ్లకియ్యి." ఆ తర్వాత చుట్టాలకు చీవాట్లు పడేవి. ఐదు రోజుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం చర్చి మెట్ల మీద కూడా ఆ ఫోనే. నాకు విసుగొచ్చేది. ఈ పని ఎప్పుడో నా నెత్తిన పడుతుందని భయం కూడా, దాచుకోవడమెందుకు.

బుధవారం సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే సిస్టర్ సొంత చెల్లెలి చేతిలో ఆవిడ ఫోన్ మోగింది. ఎత్తలేక ఆమె నాకిచ్చింది. మంథని నుంచి ఒక పెద్దామె, పోయిన వారం ఆపరేషన్ అయినావిడ.

"సిస్టరమ్మా, రెండు దినాలాయె ఫోన్ జెయ్యకపోతివి. నీ పాణం మంచిగున్నదా? పరేషానైన. నేనైతే జావనే తాగుతున్న."

నా వేళ్లకు అంటిన మట్టి ఇంకా తడిగానే ఉంది.

"పలుచగనేనా అమ్మా?" అన్నాను.