ఒక్క మనిషి టెంటు

కర్ణాకర్ చిన్నప్పుడు రేడియో విప్పి మళ్లీ బిగించిన దాఖలాలేవీ లేవు. బడిలో సైన్సు పీరియడంటే అతనికి నిద్ర. పందొమ్మిదేళ్లుగా సిద్దిపేటలో రత్నాకర్ సేటు టెంట్‌హౌస్‌లో షామియానాలు కట్టడం, విప్పడం, ఆటోట్రాలీలో పడేయడం, ఇదే అతని ఇంజినీరింగు. ఇవతలివాడు "పట్టూ" అంటాడు, అవతలివాడు పడతాడు. పెళ్లయినా, దినమైనా టెంటుకు ఇద్దరుండాల్సిందే.

అలాంటివాడు ఒక్క మనిషే విప్పుకునే మడత టెంటు చేస్తానని బయలుదేరాడంటే కారణం సాయవ్వ. చిన్నకోడూరు రోడ్డు మీద మక్కకంకులు కాల్చి అమ్మే ఈ ముసలావిడ గొడుగు ఆ వానాకాలంలో రెండుసార్లు గాలికి ఎగిరి పొలంలో పడింది. రెండోసారి తెచ్చిచ్చింది కర్ణాకరే.

"గొడుగెనక నువ్వు ఉరికితే ఈడ కంకులు మాడుతున్నయి అవ్వా."

"ఏం జెయ్యాలె బిడ్డా? గుంజలు పాతితే రోడ్డోళ్లు పీకి పారేస్తరు. పొద్దుగాల ఆటోల తెచ్చుకోవాలె, మాపటికి తీస్కపోవాలె. నాకు తోడెవరున్నరు?"

"నేను చేసిస్త. నువ్వొక్కదానివే ఇప్పుకుంటవు."

నోరు జారాక ఊరుకున్నాడా? టీ హోటల్లో కూడా అదే చెప్పాడు. అక్కడే టీ తాగుతున్న రత్నాకర్ సేటు పడీపడీ నవ్వాడు. "ఇద్దరు లేకుంట టెంటెట్ల లేస్తదిరా? లేస్తే నాకు చూపియ్యి."

ఆ నవ్వు కర్ణాకర్‌ను నిద్రపోనివ్వలేదు. మొదట ఇనుప పైపులతో చేశాడు. ఆటోవాడు చూసి, "ఎవలింటి గేటన్నా గిది?" అన్నాడు. తర్వాత అల్యూమినియంకు మారాడు. నాలుగు కాళ్లు, వాటి మధ్య కత్తెరలా మడతపడే పట్టీలు, పైన టార్పాలిన్. లాగితే విచ్చుకుంటుంది, నెడితే కట్టెలమోపంత అవుతుంది. రోజూ సాయంత్రం వాకిట్లో ఫోన్లో టైము పెట్టుకొని విప్పేవాడు. పక్కనే భార్య ఉమారాణి చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చునేది. చివరికి యాభై సెకండ్లకు దిగింది.

ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ టెంటును ఆటోలో వేసుకొని చిన్నకోడూరు రోడ్డుకు పోయారు. సాయవ్వ దానికింత పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, కొంగు బిగించి ఒక కాలు పట్టుకొని లాగింది. టెంటు మొత్తం ఆమె వెంట రెండడుగులు నడిచింది. ఇంకా గట్టిగా లాగింది. ఇంకో నాలుగడుగులు వచ్చింది.

"గిదేంది కొడకా, మేకలెక్క నా ఎనకనే వస్తుంది!"

కంకుల కోసం ఆగినవాళ్లు నవ్వారు. కర్ణాకర్ చెవులు ఎర్రబడ్డాయి. తనే లాగి చూశాడు. టెంటు అతని వెంట కూడా అంతే వినయంగా నడిచింది.

"ఇంటికాడ మంచిగనే లేసిందే!"

"ఇంటికాడ అవతలి కాలు ఎవలు పట్టిన్రయ్యా?" అంది ఉమారాణి.

రోజూ తను అలవాటుకొద్దీ "పట్టూ" అన్నాడు. ఆమె చిక్కుడుకాయలు ఒడిలో ఉండగానే చెయ్యి చాచి పట్టింది. మూణ్ణెల్లు సెకండ్లు లెక్కపెట్టినవాడు ఆ చెయ్యిని లెక్కపెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.

"ఇగ పోనీ తియ్యి. నీ సేటు చెప్పిందే నిజమైంది," అంది ఉమారాణి.

సాయవ్వ మాత్రం టెంటును కిందికీ మీదికీ చూస్తోంది. "కత్తిపీట మీద కూర కోసేటప్పుడు పీటనెవరు పడతరు బిడ్డా? నా కాలే గదా," అంటూ టెంటు కాలి అడుగున పాదం ఆనించి తొక్కింది. గుండ్రటి పైపు సర్రున జారింది. అయినా కర్ణాకర్‌కు కావలసింది దొరికింది. కంకి ఆకొకటి ఒలిచి, ఆమె పాదం పక్కన పరిచి, పాదమంత పొడవు తుంచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో రోజుకు టెంటు కాలికి అడుగున పాదమంత ఇనుప పట్టీ వచ్చింది. సాయవ్వ దాన్ని తొక్కిపట్టింది. అవతలి కాలు పట్టుకొని ముందుకు తోసింది. కత్తెరలు టకటకా విచ్చుకుంటున్నాయి. ఉమారాణి రెండు చేతులూ కొంగులో చుట్టేసుకొని దూరంగా నిలబడింది, తను పట్టిందని తర్వాత ఎవరూ అనకుండా.

సరిగ్గా అప్పుడే అటుగా పోతున్న రత్నాకర్ సేటు బండి ఆపాడు. విచ్చుకుంటున్న టెంటును చూశాడో లేదో, చెయ్యి దానంతటదే పోయి ఒక కాలు పట్టుకుంది.

సాయవ్వ బొగ్గులు విసిరే విసనకర్రతో ఆ చేతి మీద చురుక్కుమనేటట్టు ఒక్కటేసింది.

"ఇడువు సేటూ! నేనొక్కదాన్నే!"