కనపడకుండా చేయమని అడిగినవాళ్లు

ఈ రోజు మధ్యాహ్నం ఒకావిడను ఫోన్లో కసురుకున్నాను. ఆవిడ పేరు సరళ. అల్మాస్‌గూడలో ఇంట్లోనే మగ్గం పని చేస్తారు, బ్లౌజులు కుడతారు. ఆవిడ వెబ్‌సైట్ కిందటేడు నేనే తయారు చేశాను. "సార్, సైట్ల నుంచి మా ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ తీసేయిన్రి. జర ఇయ్యాల్నే తీసేయిన్రి. పగటిపూట ఇంట్ల నేను, పాప ఇద్దరమే ఉంటం" అన్నారు. నేను సగమే విన్నాను. "అడ్రస్ తీసేస్తే సెర్చ్‌లో ఎలా కనపడతారండీ? మొన్నటిదాకా కనపడటం లేదని గోల పెట్టింది మీరే కదా" అన్నాను. మా స్టాఫ్‌కు వినపడేలా కాస్త నవ్వాను కూడా. "సరే సార్, ఉండనియ్యిన్రి" అని ఆవిడ పెట్టేశారు. కాసేపటికి పక్క బల్ల దగ్గర ఎవరో టిఫిన్ డబ్బా మూత తీశారు. గోంగూరలో పడ్డ ఎండుమిరప పోపు ఘాటు గదంతా కమ్ముకుంది. నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. కరుణ మేడమ్ గుర్తొచ్చారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, ఒక కళ్లజోళ్ల షాపు పైన ఉండేది ఆమె వెబ్‌సైట్ల ఆఫీసు. రెండు చిన్న గదులు, పాత కంప్యూటర్లు, ఊరికే ఆగిపోయే కూలరు. ఆమె నల్లగొండ వైపు పల్లెలో, చర్చి పక్కింట్లో పెరిగిన మనిషి. చదువయ్యాక నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే. సైట్ల యజమానులు పొద్దస్తమానం ఫోన్లు చేసేవారు. మాది మొదటి పేజీలో ఎందుకు రావట్లేదు, పక్కవాడిది ఎందుకొస్తోంది, నిన్న కనపడింది ఇవాళ ఏమైంది? వీటన్నిటికీ నా దగ్గర కంఠతా వచ్చిన జవాబులు ఉండేవి. ఆమె మాత్రం ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బత్తాయి వలుచుకుంటూ, "అది సరే అన్నా, నిన్న ఏమైంది?" అని అడిగేవారు. సెర్చ్‌లో ర్యాంకు పోయిందని అరిచి అరిచి అలసిన ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సారు, ఆ ప్రశ్నకు గొంతు తగ్గించి, ఎదురుగా కొత్త సెంటర్ తెరిచింది తన దగ్గర పనిచేసిన వాడేనని చెప్పాడు. ఫోన్ పెట్టేసి మేడమ్ నావైపు తిరిగారు. "చూసినవా తమ్మీ? ఇది వెబ్‌సైట్ దవాఖాన. నొప్పి ఏడుందో అడగకుండ గోలీ ఇయ్యకు."

తెలంగాణ ఉద్యమం వేడిగా ఉన్న రోజులవి. మా నాన్న బందరు నుంచి వచ్చి ఎల్.బి.నగర్‌లో స్థిరపడ్డారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా ఇంట్లో మాట మాత్రం అక్కడిదే. బంద్ రోజుల్లో బస్సెక్కితే టికెట్‌కు కూడా నోరు తెరవకుండా చిల్లర చేతిలో పెట్టేవాణ్ణి. నన్నెవరూ ఏమీ అనలేదు. అంటారేమోనన్న భయం మాత్రం షేర్ ఆటోలో, టీ కొట్టు దగ్గర, ప్రతిచోటా నా వెంటే ఉండేది.

అలాంటి ఒక బంద్ మర్నాడు రత్నం గారు ఆఫీసుకు వచ్చారు. తెనాలి వైపు మనిషి, మా సందు చివర విద్యార్థుల మెస్ నడిపేవారు, ఆయన గోంగూరకు పేరు. పిల్లల్ని కోచింగ్‌కు పంపే దూరపు ఊళ్ల తల్లిదండ్రులు నెట్‌లో 'ఆంధ్రా మెస్, దిల్‌సుఖ్‌నగర్' అని వెతికితే ముందు ఆయనదే వచ్చేది. అలా వచ్చేలా చేసింది నేనే. ఆ పేజీ అంటే నాకు గర్వం. ఆయన కుర్చీ అంచున కూర్చుని, "ఆ ఆంధ్రా అనే ముక్క సైట్లోంచి తీసెయ్యి బాబూ" అన్నారు.

"అది తీసేస్తే మీరు ఎవరికీ కనపడరండీ."

"కనపడకూడదనే బాబూ."

నేను వినిపించుకోకుండా, ఆ మాటతో ఎంతమంది వెతుకుతున్నారో స్క్రీన్ మీద చూపించబోయాను. అంతలో కరుణ మేడమ్ మెట్లెక్కి వచ్చారు. పొద్దున రోడ్డు మీద నిరసనగా జరిగిన వంటావార్పులో కూర్చుని వచ్చారేమో, మెడలో 'జై తెలంగాణ' కండువా అలాగే ఉంది. అది చూసి రత్నం గారు లేచి నిలబడ్డారు. "ఏం లేదమ్మా, మళ్లీ వస్తాలే."

"కూసో అన్నా. నిన్న ఏమైంది?"

ఆయన నావైపు చూశారు, కండువా వైపు చూశారు, చివరికి చెప్పారు. ఊరేగింపులోంచి కొందరు మెస్ ముందు ఆగి, బోర్డు వైపు చెయ్యి చూపించి ఏదో అనుకుని వెళ్లిపోయారట. అంతే జరిగింది. "బోర్డు దించేశానమ్మా. మా ఆవిడ అప్పట్నుంచి వీధి కిటికీ తెరవనివ్వట్లేదు. ఈ సైట్ చూసి ఎవరైనా వస్తారేమోనని దాని భయం." మేడమ్ ఏమీ వాదించలేదు. నా చేతికింద ఉన్న మౌస్ లాక్కుని, ఆయన చూస్తుండగానే ఆ మాట తీసేశారు. "చూసుకో అన్నా, పోయింది. మల్ల ఎప్పుడు పెట్టమంటే అప్పుడు పెడ్త." తర్వాత కండువా సర్దుకుంటూ, "తెలంగాణ రావాలె, వస్తది. దానికోసం నీ గోంగూర పోవాల్నా ఏంది? నడువు, ఆకలైతుంది" అన్నారు.

నన్నూ లాక్కెళ్లారు. మెస్‌లో వీధిలోకి కనపడే బల్ల దగ్గరే కూర్చున్నారు, కండువా తీయకుండా. మేం తింటుండగా కొందరు కుర్రాళ్లు గుమ్మంలో ఆగారు. వాళ్ల మెడల్లోనూ అవే కండువాలు. రత్నం గారు గరిటె పట్టుకుని వంటింటి ద్వారంలో బిగుసుకుపోయారు.

"ఏందక్కా, నువ్వీడ తింటున్నవా?" అన్నాడొకడు.

"నీ పెండ్లి బువ్వ పెడ్తవేమోనని చూసి చూసి యాష్టకొచ్చిన. ఇగ ఏడ తినాలె? కూసోండ్రి, గోంగూరల ఉల్లిగడ్డ నంజుకోండ్రి."

మిగతావాళ్లు వాణ్ణి చూసి పకపకా నవ్వారు. కూర్చున్నారు. రత్నం గారు గరిటెతో వచ్చి, ముందు ఆ ప్రశ్న అడిగినవాడి కంచంలోనే వడ్డించారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె మధ్యాహ్నం భోజనం అక్కడే. సైట్ చూసి మెస్‌కు ఫోన్ చేసేవాళ్లు మాత్రం నిజంగానే తగ్గారు. నేను చెప్పిందే జరిగిందని మేడమ్‌తో అన్నాను. "నీ లెక్క కరెక్టే తమ్మీ. ఆయన భయం గూడ కరెక్టే. ముందు ఏది చూడాల్నో తెలుసుకునుడే మన పని" అన్నారామె. రాష్ట్రం వచ్చింది. మెస్ నడిచింది. బోర్డు మీదికి రత్నం గారి కూతురి పేరు వచ్చింది కానీ, పాత మాట మళ్లీ పెట్టమని ఆయన అడగలేదు. ఆ భయం పోయిందో లేదో నేనూ అడగలేదు. మేడమ్ ఆఫీసు మూసేసి సొంతూరు వెళ్లాక, ఎల్.బి.నగర్‌లో నేనే ఇదే పని మొదలుపెట్టాను. పని పెరిగింది, మనుషులు పెరిగారు. ఆమె అడిగే ప్రశ్నను నేనెప్పుడు అడగడం మానేశానో నాకే తెలియదు.

సరళ గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆగి మళ్లీ చేస్తే ఎత్తారు. "అమ్మా, ఇందాక తప్పుగా మాట్లాడాను. క్షమించండి. అసలేమైందో చెప్పండి" అన్నాను. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. "బ్లౌజు పని అని ఫోన్ చేసినోడు ఒకడు గేటు కాడికి వస్తున్నడు సార్. మా ఆయన డ్యూటీకి పోయినంకనే వస్తడు. పొద్దుగాల గూడ వచ్చిండు. నేను తలుపు తీయలే, వాని ఫోన్ గూడ ఎత్తుతలేను."

ఆవిడ ఫోన్లో ఉండగానే సైట్‌లోంచి, మ్యాప్‌లోంచి అడ్రస్, నంబరు తీసేశాను. కానీ సెర్చ్‌లో పైకి రావాలని ఆ అడ్రస్‌ను షాపుల చిరునామాలు చూపించే ఎన్నెన్నో లిస్టింగ్ సైట్లలో ఎక్కించింది కూడా నేనే. "మొత్తం పోయిందా సార్?" అని అడిగారావిడ. పోయిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. "మన సైట్‌లో పోయిందమ్మా. నేను పెట్టిన మిగతా చోట్ల ఇంకా ఉంది. ఒక్కొక్కటీ తీయిస్తాను. మీరు పోలీసులకు చెప్పండి, కావాలంటే నేనూ వస్తాను" అన్నాను.

చేస్తున్న పనులన్నీ పక్కన పెట్టి సాయంత్రం దాకా అవే తీయిస్తూ కూర్చున్నాను. కొన్ని పోయాయి. కొందరు ఇంకా జవాబివ్వలేదు. ఆవిడ పని ఆగిపోకూడదని, ఆవిడను అడిగి, సైట్‌లో ఆ నంబరు స్థానంలో నా నంబరు పెట్టాను. మొదట ఒక పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది, వివరాలు రాసుకున్నాను. చీకటి పడే వేళకు ఇంకో ఫోన్. మగ గొంతు, "ఆమె లేదా?"

"నేనున్నాను, చెప్పండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. గేటు దగ్గరికి వచ్చేవాడిదేనేమో చూడమని ఆ నంబరు సరళ గారికి పంపి, రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌కు ఆవిడా, ఆవిడ భర్తా ఎన్నింటికి వస్తారో అడిగాను.