తడి లెక్క

వానజల్లుకి గుమ్మం ముందున్న కొబ్బరిపీచు పట్టా తడిసింది. ఆ వాసన తగలగానే నా ఎడమచేతి చూపుడువేలు దానంతటదే ముడుచుకుంది. పదకొండేళ్ల కిందట ఆ వేలిని తాడు కింద పెట్టించినవాడు మా పక్కింటి గురయ్య మావ.

మా కళింగపట్నంలో మేకు అన్నది లేకుండా, పలకల్ని పీచుతాడుతో కుట్టి పడవ కట్టగలిగినవాళ్లలో ఆయనొక్కడే మిగిలాడు. అప్పటికే ఒడ్డున అన్నీ ఫైబర్ బోట్లు. ఆయనకి చూపు తగ్గిపోతోంది, ఇక తిరిగిరాదని డాక్టరు చెప్పేశాడు. అది పూర్తిగా పోయేలోగా కుట్టుపడవ ఒకటి అల దాటడం చూడాలని మావ కోరిక. మోకాళ్లు ఇసకలో నడవనివ్వవు కాబట్టి మా పెరట్లోనే మొదలుపెట్టాం. ఇల్లు కట్టేవాళ్లకి ఇటుక ఎంత, సిమెంటు ఎంత అని లెక్కకట్టి చెప్పడం నా పని. చదువు పదో తరగతితో ఆగినా ఆ లెక్కలు సొంతంగా నేర్చుకున్నానన్న గర్వం ఉండేది. పదహారు అడుగుల పడవకి బెజ్జాలెన్నో, తాడెన్ని బారలో కాగితం మీద వేసి చూపించాను.

మావ దాన్ని కంటికి ఆనించుకుని, "బాగున్నాది. మడిసి జేబులో ఎట్టుకో అల్లుడా" అన్నాడు.

గోడ అవతలినుంచి ఆయన భార్య నీలమ్మత్త రోజూ దెప్పేది. "ఏటర్రా, పెరట్లోకి సముద్రం ఎప్పుడొస్తాదంట?"

"నువ్వు బిందెతో తెస్తే వస్తాది" అనేవాడు మావ.

ఆయన కుట్టినచోట తాడు కింద వేలు దూరేది. చేతుల్లో బలం తగ్గి వదిలేస్తున్నాడనుకున్నాను. ఓ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, అడుగు పలక కుట్లన్నీ కర్ర పెట్టి మెలితిప్పి బిగించేశాను. నలభై రెండు కుట్లు. ఒక్కదాని కిందా గోరైనా దూరదు.

సముద్రంలోకి దించేముందు పడవ నిండా నీళ్లు పోసి పగలంతా ఉంచడం వాళ్ల పద్ధతి. పోశాం. సాయంత్రానికి ఫట్‌మని చప్పుడు. ఉబ్బిన తాడు బెజ్జాల వరస వెంట పలకని చీల్చేసింది.

మావ తడుముకుంటూ వచ్చి వేళ్లు పెట్టి చూశాడు. "ఇది నా కుట్టు కాదు."

"నేనే మావా. వదులుగా ఉన్నాయని..."

"పొడి లెక్క ఏసినావురా. తడిస్తే తాడు అదే బిగుస్తాది. దాని పని కూడా నువ్వే సేసేస్తే ఎలాగ?"

కొత్త పలక కోయించి, వంచి, కుట్టేసరికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి కుట్టుకీ నా వేలు తాడు కింద ఉండాలి, ఆయన లాగాలి. "ఏలుందా?" "ఉంది మావా." "అయితే ముడెయ్యి."

ఆ నాలుగు నెలల్లోనే ఆయన చూపు పోయింది.

పడవ దించేరోజు ఒడ్డున కూర్చోబెడతామంటే ఒప్పుకోలేదు. "సూపు లేనోడికి ఒడ్డెందుకురా?" అని పడవలోకే ఎక్కాడు. మావాళ్లిద్దరు తెడ్లు వేశారు, నేను నీళ్లు తోడే డబ్బా పట్టుకుని ఆయన వెనక కూర్చున్నాను. మొదటి అలకి పలక లోపలికి వంగి, మళ్లీ వెనక్కొచ్చింది. మావ అరచెయ్యి దానిమీదే ఉంది.

"నీళ్లెంత?" అన్నాడు అల దాటాక.

"రెండు డబ్బాలు తోడాను."

"తాగనీ. పడవన్నాక తాగుతాది. ఎంత తాగుతాదో నీకు తెలుసు గదా" అని, నేను ఎటున్నానో తెలియక సముద్రంవైపు చూసి నవ్వాడు.

ఎన్ని లెక్కలు వేసినా నా తప్పుకి మావ పోగొట్టుకున్న ఆ నాలుగు నెలల్ని ఎక్కడా సర్దలేకపోయాను. ఇప్పుడు ఎవరికి ఏ కొలత ఇచ్చినా, చివరి గీత గీసేముందు చెయ్యి ఆగుతుంది. ఏలుందా అని లోపల్నుంచి మావ అడుగుతాడు.

చూసుకుంటాను. ఉంది మావా.