తల్లి ఉన్న బిడ్డ

ఎల్లారెడ్డిలో బాలలక్ష్మి పెళ్లయినప్పటి నుంచీ బీడీలు చుడుతోంది. భర్త స్వామిదాసు కరెంటు లైన్‌మన్. ఒక్కతే కూతురు రూత్ పెళ్లయి వెళ్లిపోయాక ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కన్నవాళ్లు చూసుకోలేని పిల్లలను కొంతకాలం ఇంట్లో పెట్టుకుని పెంచవచ్చని చర్చిలో ఎవరో చెబితే, భర్తను వెంటబెట్టుకుని కామారెడ్డిలోని పిల్లల సంరక్షణ ఆఫీసుకు వెళ్లి అడిగింది.

అక్కడి అధికారి శ్రీలత వాళ్లింటికి వచ్చింది. ఇరుగుపొరుగును విచారించింది, రూత్‌తో ఫోన్లో మాట్లాడింది. అన్నీ అయ్యాక చెప్పింది.

"ఇది దత్తత కాదక్కా. బిడ్డ మీ దగ్గర ఉంటది గని మీ బిడ్డ కాదు. తల్లి కోలుకున్నంక తల్లి దగ్గరికే పంపాలె. తట్టుకుంటరా?"

"తట్టుకుంటం మేడం," అంది బాలలక్ష్మి. ఆ మాట తనకు అర్థమైందనే అనుకుంది.

వచ్చిన పిల్ల పేరు తార. మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్‌లో మూడో తరగతి చదువుతుండేది. తండ్రి చనిపోయాడు. తల్లి సక్కుబాయి పత్తి ఏరడానికి వెళ్తుంటే ఆటో బోల్తా పడి నడుమూ కాలూ విరిగాయి. అమ్మను అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే తార చూసింది. ఆ తర్వాత మళ్లీ చూడలేదు. బంధువులెవరూ పిల్లను తీసుకోలేదు.

తార పెట్టింది తినేది, చెప్పింది చేసేది. అలగడం లేదు, ఏడవడం లేదు. బాలలక్ష్మిని ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. ఎంత బుద్ధిగల పిల్లో అని వాడకట్టు ఆడవాళ్లు మెచ్చుకుంటుంటే బాలలక్ష్మి మురిసిపోయింది. గుర్తుచేస్తే బెంగపడుతుందని సక్కుబాయి మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు.

ఒకరోజు అరుగు మీద బీడీలు చుడుతుంటే పక్కింటి ఉమారాణి అడిగింది.

"ఈ పిల్లను మళ్ల పంపియ్యాల్నా?"

"యాడికి పోతది? ఇగ మా పిల్లనే," అంది బాలలక్ష్మి. ప్రేమతోనే అంది. తార లోపల తలుపు పక్కనే ఉంది.

మర్నాడు బడి విడిచాక పిల్లలందరూ ఇళ్లకు వచ్చారు, తార రాలేదు. బాలలక్ష్మి బడికి పరుగెత్తింది. అక్కడ లేదు. చెరువు దారిలో చూసింది, అంగడి దాకా వెళ్లి వచ్చింది. స్వామిదాసు పని వదిలేసి వచ్చాడు.

"మేడంకు చెప్తె పిల్లను తీస్కపోతరేమో," అన్నాడు మెల్లగా.

"తీస్కపోనీ. ముందుగాల పిల్ల దొరకాలె," అంటూ బాలలక్ష్మి శ్రీలతకు ఫోన్ చేసింది.

ఆ మాటలు అయ్యీ కాకముందే బడి సారు నుంచి ఫోన్ వచ్చింది. తార బస్టాండులో ఉంది. బాన్సువాడ బస్సులో ఒంటరిగా కూర్చుంటే కండక్టర్ వనజకు అనుమానం వచ్చి దింపిందట. యూనిఫాం చూసి బడికి కబురు చేసిందట.

వెళ్లేసరికి తార బెంచీ మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దారి పొడుగునా బాలలక్ష్మి నోటిదాకా వచ్చిన కోపం పిల్లను చూడగానే పోయింది. తార ముందు నేల మీదే కూర్చుంది.

"యాడికి పోతున్నవ్ బిడ్డా?"

"మద్నూర్, మా ఇంటికి. మా అమ్మ సచ్చిపోయింది గదా."

"ఎవరన్నరు?"

"నువ్వే. నేను యాడికి పోనన్నవ్. అమ్మ ఉంటె నన్ను తీస్కపోతది గదా."

"మీ అమ్మ మంచిగున్నది. నిజామాబాద్ దవాఖానల ఉన్నది," అని బాలలక్ష్మి చెబితే తార నమ్మలేదు. అప్పుడు బాలలక్ష్మి మళ్లీ ఫోన్ చేస్తే, శ్రీలతే ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి వీడియో కాల్ కలిపించింది. మంచం మీద సక్కుబాయి కనిపించింది. మరాఠీలో ఏదో అంది. బాలలక్ష్మికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, తార ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాళ్లింటికి వచ్చాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. బాలలక్ష్మి ఆపలేదు. ఆమెకూ గుండెల మీది బరువు దిగినట్టయింది.

శ్రీలత పిల్లను తీసుకుపోలేదు. "దాచిపెట్టకుండ ఫోన్ చేసిండ్రు. మంచి పని చేసిండ్రు అక్కా," అంది. "ఇగ నుంచి తల్లి ముచ్చట రోజూ మాట్లాడుండ్రి."

తర్వాత వాళ్లు వీలైనప్పుడల్లా నిజామాబాద్ వెళ్లారు. మొదటిసారి సక్కుబాయి బాలలక్ష్మి వైపు బెరుకుగా చూసింది.

"నేను అమ్మను గాదు చెల్లె. నువ్వు లేచేదాంక చూస్కుంట, అంతే," అంది బాలలక్ష్మి.

సక్కుబాయి చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. తర్వాత కూతురితో, "పెద్దమ్మ అను," అని తెలుగులోనే అంది.

ఆ నెల నుంచే తార అల్లరి మొదలుపెట్టింది. వంకాయ కూర వద్దని కంచం నెట్టేసింది. లెక్కలు చేయనని మొండికేసింది. "ఇయ్యాల నాతోని కొట్లాడింది," అని బాలలక్ష్మి భర్తకు చెప్పింది, ఏదో బహుమతి వచ్చినట్టు.

వేసవిలో సక్కుబాయి ఇంటికి చేరి చేతికర్ర పట్టుకుని నడవసాగింది. పిల్లను పంపమని ఉత్తర్వు వచ్చింది. మద్నూర్‌లో బస్సు ఆగీ ఆగకముందే తార దూకి తల్లి నడుముకు చుట్టుకుంది. "మెల్లగా," అని ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి అన్నారు. తిరుగు బస్సులో స్వామిదాసు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. తనకూ ఏడుపొస్తుందనుకుంది బాలలక్ష్మి. వచ్చింది, కొద్దిగా. ఆ తర్వాత మెడ వాల్చి బాన్సువాడ దాకా హాయిగా నిద్రపోయింది.

ఇప్పుడు పిల్లలను కొంతకాలం పెంచుతామని ఎవరైనా అడగడానికి వస్తే శ్రీలత బాలలక్ష్మిని కామారెడ్డికి పిలిపిస్తుంది. మొన్న మహేందర్, శ్వేత అనే దంపతులు వచ్చారు.

"ప్రేమ ఉంటె సరిపోదా అక్కా?" అని శ్వేత అడిగింది.

"ప్రేమ సరే గని, నిజం చెప్పాలె. ఆ పిల్లకు తల్లి ఉన్నదని మీరు మర్చిపోవద్దు. పిల్ల ఊకె సప్పుడు జేయకుంట ఉంటె మంచిదనుకోకుండ్రి, భయం కావచ్చు. తప్పు జరిగితె మేడంకు చెప్పుండ్రి."

"పంపేటప్పుడు బాధ కాదా?"

"అయితది," అంది బాలలక్ష్మి. ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ మోగింది. మద్నూర్ నుంచి తార.

"పెద్దమ్మా, అమ్మ జడ గట్టిగేస్తున్నది. నువ్వు చెప్పు."

"ఫోన్ మీ అమ్మకియ్యి," అంటూ బాలలక్ష్మి నవ్వుతూ వరండాలోకి నడిచింది.