శాస్త్రిగారి సైకిలు శాంతి

పలాసలో పురోహితం చేసుకునే కూర్మనాథశాస్త్రికి దేవుడు మంచి గొంతు ఇచ్చాడు, జ్ఞాపకశక్తి ఇచ్చాడు, చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో ఊరూరా యజమానుల్ని ఇచ్చాడు. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి బిగబట్టాడు. యాభై నిండకుండానే కుడిమోకాలు ఎదురుతిరిగింది. అక్కుపల్లిలో పెళ్లంటే ముందురోజే బయల్దేరాలి. కంకర రోడ్డంతా కుంటుకుంటూ నడిచి జీడితోటల్లోకి దిగితే, అక్కణ్ణించి ఇసక. ఇంటికొచ్చి కాలు చాపితే భార్య కామాక్షి ఆముదం కాచి రాసేది.

ఆంధ్రరాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. హైస్కూలు మాస్టారు జగన్మోహనరావుకి దేశసేవ చెయ్యాలని బుద్ధి పుట్టి, సైకిలు ప్రచార సంఘం పెట్టాడు. పట్నవాసులందరూ సైకిలెక్కాలి, ఒళ్లు గట్టిపడాలి, దేశం ముందుకు పోవాలి, ఇదీ ఆశయం. సభ జరిగింది. ఆఫీసు గుమాస్తాలంతా వచ్చి చప్పట్లు కొట్టారు, ఉప్మా తిన్నారు, కాఫీ తాగారు. తిన్నది అరగాలని నెమ్మదిగా నడిచి ఇళ్లకు పోయారు. మాస్టారి సైకిలు తప్ప ఊళ్లో ఇంకొకటి కదల్లేదు.

ఆ ఉపన్యాసం చెవికెక్కిందల్లా వెనక బల్లమీద కూర్చున్న మన శాస్త్రికే. సైకిలుంటే ఉద్దానం ఎంతసేపు! కంకర రోడ్డంతా దానిమీద పోయి, చివర్న కాస్త ఇసకలో నడిస్తే సరి. కానీ సీటు తోలుది. తోలుమీద కూర్చుని వచ్చిన పురోహితుడి చేత పెళ్లి ఎవరు చేయించుకుంటారు? బ్రాహ్మణవీధి వీధంతా కట్టకట్టుకుని వెలేసెయ్యదూ! రాత్రంతా మోకాలు పట్టుకుని ఆలోచించాడు. వీధిలో అందరూ తోలుసీటెక్కితే వేలెత్తి చూపేదెవరు? ముందు ఊరిని ఎక్కించాలి, తరవాత తను ఎక్కాలి. ఆహా, ఏం తెలివండీ!

మర్నాడే గుమాస్తా వేంకటాచలం జాతకం పట్టుకుని వచ్చాడు. ప్రమోషను రావడం లేదని గోల.

“ఏలినాటి శని,” అన్నాడు శాస్త్రి. “నువ్వు సైకిలు తొక్కాలి.”

“శనికీ సైకిలుకీ సంబంధం ఏమిటండీ?”

“శనికి ఇష్టమైన లోహం ఏది? ఇనుము. రంగు? నలుపు. అభిషేకం? నువ్వులనూనె. పైగా ఆయన కుంటివాడు, నడవలేడు. నల్లటి ఇనప వాహనం ఎక్కి, శనివారం శనివారం దాని గొలుసుకి నువ్వులనూనె పోసేవాడిమీద ఆయనకి కోపం ఎలా ఉంటుందయ్యా?”

“మరి తోలుసీటు?”

“జింకచర్మం పరుచుకో. జపానికి దానిమీద కూర్చోవడం లేదూ?”

వేంకటాచలం తొక్కాడు. పైవాడికి బదిలీ అయింది గనక వేంకటాచలానికి ప్రమోషను వచ్చింది. ఇక చూడాలి సంబరం! దేశం కోసం కాలు కదపనివాళ్లు శని కోసం పొలోమని ఎగబడ్డారు. శని ఉన్నవాడు పోవాలని తొక్కాడు, లేనివాడు రాకూడదని తొక్కాడు. జింకచర్మాలు దొరక్క కొందరు దర్భాసనాలు కట్టుకున్నారు. అవి గుచ్చుకుంటుంటే పాపం కరుగుతోందని సంతోషించారు. జగన్మోహనరావు మాస్టారైతే తన ఉపన్యాసం ఇన్నాళ్లకి పనిచేసిందని పొంగిపోయి, మళ్లీ సభ పెట్టి, తన మెడలో తనే దండ వేయించుకున్నాడు.

“నాకూ అష్టమశని ఉందిగా. నన్నూ తొక్కమంటారా?” అంది కామాక్షి, ఆముదం గిన్నె పట్టుకుని.

“ఆడవాళ్లకి ప్రదక్షిణలు చాల్లే,” అన్నాడు శాస్త్రి. అంతవరకే ఆయన శాస్త్రం.

వీధిలో ప్రతి అరుగుకీ ఓ సైకిలు ఆనిందని నమ్మకం కుదిరాక శాస్త్రి కూడా నల్లటి సైకిలు కొన్నాడు. తెల్లవారుజామున స్కూలు మైదానంలో పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. ఒక శుక్రవారం పొద్దున్నే సీటుమీద జింకచర్మం కట్టి, పంచె ఎగ్గట్టి, వీధి ఈ చివర్నించి ఆ చివరికి తొక్కాడు. మోకాలు నొప్పి లేదు! గాలి పిలకని ఎగరేస్తుంటే ఆయనకి పదేళ్ల పిల్లాడి సంబరం వచ్చింది. తోలు సంగతి ఒక్కడంటే ఒక్కడు ఎత్తలేదు.

ఎత్తలేదు గానీ, అరుగులమీద అందరూ లేచి నిలబడ్డారు. వేంకటాచలం కళ్లనీళ్లు పెట్టుకుని, “అయ్యో, శాస్త్రిగారూ! మీకూనా?” అన్నాడు.

శాస్త్రి చప్పున దిగి, సైకిలు ఇంటిదాకా తోసుకుంటూ పోయాడు.

ఆ మాట సాయంత్రానికి అక్కుపల్లి చేరింది. మర్నాడు అక్కడి కొబ్బరితోటల ఆసామీ ఢిల్లేశ్వరరావు బండి కట్టించుకుని వచ్చి అరుగుమీద కూలబడ్డాడు. ఆయన కొడుకు పెళ్లి వచ్చేవారమే. ఆయన ఇంట్లో ఎవరు పెళ్లి చేయిస్తే, ఉద్దానం మొత్తానికి వాళ్లే పురోహితులు. ఆ పెళ్లి చెయ్యి జారితే శాస్త్రి ఇంట్లో పొయ్యి వెలగదు.

“ఏటి శాస్తుర్లుగోరూ, తవరికి శని పట్టీసిందంట గదేటి?”

“ఛ, ఛ! ఎవరన్నారు?”

“మరి సైకిలెందుకు తొక్కుతన్నారు?”

నిజం చెప్పేద్దామనుకున్నాడు శాస్త్రి. “మోకాలు నొప్పి నాయనా. నడవలేక…”

“మోకాలు నొప్పెట్టిందంటే శనేనని నాకు తవరే గదండీ సెప్పేరు!” అన్నాడు ఢిల్లేశ్వరరావు, జాలిగా. “తవరంటే నాకు బక్తే. గానీ శని పట్టినోరి సేత అచ్చింతలు ఏయించుకుంతే మా ఆడోళ్లు ఊరుకుంతారేటి? టెక్కలి నుంచి ఇంకోరిని పిలిసీమంతన్నారు.”

శనికీ సైకిలుకీ ఏ సంబంధమూ లేదంటే ఊరు ఊరంతా మీదపడి కొడుతుంది. ఉందంటే పెళ్లి పోతుంది. తను అల్లిన వలలో తనే పడ్డాడు మహానుభావుడు!

“నాకోసం కాదయ్యా,” అనేశాడు గబుక్కున. “దానం ఇవ్వడానికి కొన్నాను. లోకక్షేమం కోసం. ఇచ్చేముందు సరిగ్గా నడుస్తోందో లేదో చూశాను, అంతే.”

ఢిల్లేశ్వరరావు మొహం వికసించింది. “అదీ మాట! అయితే ఇప్పుడే ఇచ్చీండి. కల్లారా సూసి ఎల్లిపోతాను.”

ఎవరూ ముట్టని శనిదానాలు పట్టుకుని బతికే గున్నయ్యకి కబురు వెళ్లింది. అతను పరుగున వచ్చి దోసిలి పట్టాడు. శాస్త్రి నల్లనువ్వులు, నీళ్లు వదిలి, ఎన్నోసార్లు ఇతరుల చేత చెప్పించిన ముక్క తనే చెప్పుకున్నాడు. చివర ‘న మమ’ అనాలి, నాది కాదని. ఆ రెండు ముక్కలూ అనేసి, హేండిలు గున్నయ్య చేతిలో పెట్టాడు. కామాక్షి వచ్చి సీటుమీది జింకచర్మం విప్పి లోపలికి పట్టుకుపోయింది.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం శాస్త్రి సంచీ తగిలించుకుని నడిచాడు. కంకర రోడ్డుమీద వేంకటాచలం, అతని వెనక మాస్టారు, ఇంకా ఎవరెవరో గంటలు కొడుతూ పక్కనించి పోయారు. అందరూ నమస్కారం పెట్టారు. చివరికి గున్నయ్య వచ్చి ఆగాడు, అదే సైకిలు.

“గురువుగారూ, ఎనకాల ఎక్కండి.”

అటూ ఇటూ చూసి శాస్త్రి కేరియరెక్కాడు.

“బలే శాంతండీ ఇది!” అన్నాడు గున్నయ్య తొక్కుతూ. “నా జనమలో కాలు నొప్పెట్టకుండా ఇంత దూరం ఎప్పుడూ ఎల్లలేదు. ఎవుడు కనిపెట్టేడో గానీ, ఆడి కాళ్లు సల్లగుండాల!”

“వాడి కాళ్ల సంగతి ఎత్తకురా,” అన్నాడు శాస్త్రి మోకాలు రాసుకుంటూ. “తోటలు వచ్చేశాయి. ఆపు, దిగుతాను.”

గున్నయ్య వెనక్కి మళ్లాక ఇసకలో అడుగులో అడుగేసుకుంటూ, పళ్లు బిగించి, పొద్దువాలే వేళకి పెళ్లింటి ముందుకు చేరాడు. పందిట్లోంచి ఢిల్లేశ్వరరావు ఎదురొచ్చి, చుట్టాలందరికీ వినపడేలా కేకేశాడు:

“సూసేరేటి! శాస్తుర్లుగోరు కుంటుకుంటూ నడిసే వచ్చేరు. శని ఒదిలీసింది!”